విపత్తు నాటికి చేతిలో ఏముంది

వాతావరణ మార్పు వల్ల ఎవరు ఎక్కువగా నష్టపోతారని అడిగితే, పేదలే అన్న జవాబు ఎవరైనా చెబుతారు. ఆ జవాబులో తప్పు లేదు. అయితే పేదరికం ఏ దారిన నష్టంగా మారుతుందో విడమరచి చూసుకోకపోతే అది ఒక సానుభూతి మాటగానే మిగిలిపోతుందని, ఈ విషయం మీద చదువుతున్నకొద్దీ నాకు గట్టిగా అనిపిస్తోంది. పేదరికం అనగానే మన దృష్టి ఆదాయం మీదికి వెళ్తుంది. నెలకు ఎంత వస్తుంది, రోజుకు ఎంత కూలి దొరుకుతుంది అని లెక్క వేస్తాం. కానీ వరద నీరు గడప దాటి లోపలికి వచ్చిన రాత్రి ఒక కుటుంబాన్ని గట్టెక్కించేది ఆ నెల జీతం కన్నా, అంతకుముందు ఏళ్ల తరబడి వెనకేసుకున్నదీ, పెద్దలు ఇచ్చి వెళ్లినదీ, అవసరం వస్తే అమ్ముకోగలిగినదీ, తాకట్టు పెట్టగలిగినదీ. అదే సంపద. ఆదాయానికీ సంపదకూ మధ్య ఉన్న ఈ తేడా వాతావరణ విపత్తుల చర్చలో తరచుగా మరుగున పడిపోతుంది. నేను ఇక్కడ రాయదలచుకున్నది దాని గురించే.

ఒకే జీతం తెచ్చుకునే రెండు కుటుంబాలను ఊహించుకుందాం. మొదటి కుటుంబానికి అప్పు లేని సొంత ఇల్లు ఉంది, బ్యాంకులో ఆరు నెలల ఖర్చుకు సరిపడా నిల్వ ఉంది, కష్టం వస్తే చేబదులు ఇవ్వగల స్తోమత ఉన్న బంధువులు ఉన్నారు. రెండో కుటుంబం అద్దె ఇంట్లో ఉంటోంది, జీతంలో పెద్ద భాగం పాత అప్పుల వడ్డీకే పోతోంది, బంధువుల పరిస్థితి కూడా అంతే. మామూలు రోజుల్లో ఈ రెండిళ్ల జీవనం బయటివారికి ఒకేలా కనిపిస్తుంది. తుపాను హెచ్చరిక వెలువడిన గంట నుంచి మాత్రం వాటి దారులు వేరవుతాయి. మొదటి కుటుంబం ఊరు విడిచి పది రోజులు ఎక్కడైనా ఉండి రాగలదు. రెండో కుటుంబం కదిలితే ఆ రోజుల సంపాదన పోతుంది, తిరిగి వచ్చేసరికి పని ఉంటుందో లేదో తెలియదు, దారి ఖర్చుకు మళ్లీ అప్పు చేయాలి. అందువల్ల అది చివరి నిమిషం దాకా కదలదు. దూరాన ఉండి చూసేవారు దానిని మొండితనం అంటారు, నిర్లక్ష్యం అంటారు. నిజానికి ఆ నిర్ణయం వారు తీసుకున్నది కాదు, చేతిలో ఏమీ లేకపోవడం వారిచేత తీయించినది.

సంపద మనిషికి మొట్టమొదట ఇచ్చేది వ్యవధి. ఆగగలగడం, అడిగిన ధరకు కాక తనకు గిట్టిన ధరకు అమ్ముకోగలగడం, పరిహారం రావడానికి ఏడాది పట్టినా అంతవరకు బతకగలగడం, పాడైన ఇంటికి తొందరపడి నాసిరకం మరమ్మతు చేయకుండా సరిగ్గా కట్టుకోగలగడం, ఇవన్నీ వ్యవధి తెచ్చిపెట్టే అవకాశాలే. రెక్కాడితే గాని డొక్కాడనివారికి లేనిది డబ్బు ఒక్కటే కాదు, ఈ వ్యవధి కూడా. ఇక అప్పు సంగతి చెప్పనక్కరలేదు. అప్పు అంటే రేపటి సంపాదనను ముందే ఖర్చు చేసుకోవడం కాబట్టి, అప్పులో ఉన్నవారికి విపత్తు వచ్చిందంటే అది గోరుచుట్టు మీద రోకటి పోటే అవుతుంది.

సామాజిక దుర్బలత్వం అన్న మాటను పరిశోధకులు ఒక నిర్దిష్టమైన అర్థంలో వాడతారు. ప్రకృతి ఘటన ఎంత తీవ్రమైనది అన్నది ఒక ప్రశ్న, దాని దారిలో ఎవరెవరున్నారు అన్నది ఇంకో ప్రశ్న. ఆ దెబ్బను తట్టుకోవడానికీ, తిరిగి లేచి నిలబడడానికీ సమాజంలో వారి స్థానం ఎంతవరకు తోడ్పడుతోంది, ఎంతవరకు అడ్డుపడుతోంది అన్నది మూడో ప్రశ్న. దుర్బలత్వం అంటే ఈ మూడోది. వాతావరణ మార్పుపై ఏర్పడిన అంతర్ ప్రభుత్వ సంఘం ఐపీసీసీ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం, ప్రపంచంలో 330 నుంచి 360 కోట్ల మంది వాతావరణ మార్పు దెబ్బకు అత్యంత దుర్బలమైన పరిస్థితుల్లో బతుకుతున్నారు. 2010 నుంచి 2020 వరకు వరదలు, కరవులు, తుపానుల వల్ల సంభవించిన మరణాల రేటు, దుర్బలత్వం చాలా తక్కువగా ఉన్న ప్రాంతాలతో పోలిస్తే చాలా ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో 15 రెట్లు అధికంగా ఉందని కూడా అదే నివేదిక చెప్పింది. పదిహేను రెట్ల తేడాను గాలివానల తీవ్రత ఒక్కటే తెచ్చిపెట్టలేదు.

ఈ దుర్బలత్వాన్ని కొలవడానికి చాలా సూచికలు తయారయ్యాయి. వాటిలో ఎక్కువగా ప్రస్తావనకు వచ్చేది అమెరికన్ భూగోళ శాస్త్రవేత్త సూసన్ కటర్, ఆమె సహచరులు కలిసి 2003లో ప్రచురించినది. అమెరికాలోని మూడు వేలకు పైగా కౌంటీలకు (అవి మన జిల్లాల వంటివి) సంబంధించిన 42 అంశాలను పరిశీలించి, వాటిని 11 ముఖ్య కారకాలుగా కుదించారు. వాటిలో మొదటిది వ్యక్తిగత సంపద. అయితే దానిని కొలిచిన తీరును గమనిస్తే, తలసరి ఆదాయం, ఇళ్ల విలువ, అద్దెలు, అధికాదాయ కుటుంబాల శాతం వంటి గణాంకాలు కనిపిస్తాయి. ఒక ఇంటి ఆస్తిలోంచి దాని అప్పులు తీసివేస్తే మిగిలేది ఎంత అన్న లెక్క అందులో లేదు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ వాడే మరో సూచికలో పేదరికం, నిరుద్యోగం, చదువు, ఆరోగ్య బీమా, వాహనం, ఇంటి రకం వంటి 16 అంశాలున్నాయి. అందులోనూ నికర సంపద లేదు. ఇందులో పరిశోధకుల తప్పు వెతకడం న్యాయం కాదు. జనాభా లెక్కల్లో ఆదాయం అడిగినంత సులభంగా ఆస్తి, అప్పులు అడగరు, అడిగినా చెప్పరు, చెప్పినా చిన్న ప్రాంతాలవారీగా ఆ లెక్క దొరకదు. దొరికిన గణాంకంతోనే సూచిక తయారవుతుంది. దాని ఫలితం మాత్రం చిన్నది కాదు. మంచి జీతం ఉండి అప్పుల్లో మునిగిన కుటుంబం ఆ సూచికలో భద్రంగా కనిపిస్తుంది, ఆదాయం తక్కువై సొంత ఇల్లూ పొదుపూ ఉన్న వృద్ధులు ప్రమాదంలో ఉన్నట్టు కనిపిస్తారు. సహాయం ఎక్కడికి వెళ్లాలన్నది ఈ సూచికలతో గీసిన పటాలను చూసే నిర్ణయిస్తున్నప్పుడు, పటంలో పడని లోటుకు సహాయం అందదు.

2005లో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో ఉన్న న్యూ ఆర్లీన్స్ నగరాన్ని ముంచిన కత్రినా హరికేన్ గురించి ఎంత రాసినా తక్కువే అనిపిస్తుంది, ఎందుకంటే సంపద పనిచేసే ప్రతి దశా అందులో కనిపిస్తుంది. ఆ నగరంలో నాలుగో వంతుకు పైగా కుటుంబాలకు సొంత వాహనం లేదు. ఊరు ఖాళీ చేయమన్న ఆదేశం కారు ఉన్నవారిని దృష్టిలో పెట్టుకున్నదే. తుపాను తీరం దాటింది ఆగస్టు 29న. నెల మొదట్లో వచ్చే జీతం మీద, పింఛను మీద, ప్రభుత్వ సహాయం మీద ఆధారపడేవారి దగ్గర నెలాఖరున పెట్రోలుకు గాని, ఎక్కడైనా రెండు రాత్రుళ్లు గడపడానికి గాని డబ్బు మిగిలి ఉండదు. తేదీ కూడా ప్రాణాపాయం కాగలదని ఈ ఉదంతం చదివే దాకా నేను ఎన్నడూ అనుకోలేదు. పొదుపు ఉన్నవారికి నెలలో ఏ రోజైనా ఒకటే. లేనివారికి 29వ తేదీ వేరు, 3వ తేదీ వేరు.

నీరు తీసిన తరువాత జరిగినది ఇంకా ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. ఇళ్లు తిరిగి కట్టుకోవడానికి లూసియానా రాష్ట్రం రోడ్ హోమ్ అన్న పథకం ప్రారంభించింది. ఇంటి యజమానికి గరిష్ఠంగా లక్షా 50 వేల డాలర్ల వరకు ఇవ్వవచ్చు. ఎంత ఇవ్వాలన్నది నిర్ణయించడానికి రెండు అంకెలు తీసుకునేవారు: తుపానుకు ముందు ఆ ఇంటి మార్కెట్ విలువ ఎంత, దానిని తిరిగి కట్టడానికి ఎంత ఖర్చవుతుంది. రెండింటిలో ఏది తక్కువైతే దాని ప్రకారం సహాయం. చూడడానికి ఈ సూత్రంలో ఎవరి పట్లా పక్షపాతం లేదు. అయితే నల్లజాతివారు నివసించే పేటల్లో ఇళ్ల మార్కెట్ విలువ ఎన్నో దశాబ్దాలుగా తక్కువగానే ఉంటూ వచ్చింది, ఇటుకలకూ కలపకూ మేస్త్రీ కూలికీ మాత్రం పేటను బట్టి ధర మారదు. ఒకే కొలత ఉన్న రెండిళ్లు, ఒకే విధంగా కూలిపోయి, తిరిగి కట్టడానికి ఒకే ఖర్చయ్యేవి, వేర్వేరు సహాయం పొందాయి. ఖరీదైన పేటలోని యజమానికి కట్టుబడి ఖర్చు ప్రకారం వస్తే, ఇంకొకరికి పాత విలువ ప్రకారం వచ్చింది. మధ్యలో ఉన్న వ్యత్యాసాన్ని పూడ్చుకోవడానికి అతని దగ్గర పొదుపు లేదు. దీని మీద 2008లో దావా పడింది. 2011లో 6 కోట్ల 20 లక్షల డాలర్లతో రాజీ కుదిరింది. అప్పటికి ఆరేళ్లు గడిచిపోయాయి, చాలామంది వేరే ఊళ్లలో స్థిరపడిపోయారు.

అదే నగరంలోని లోయర్ నైన్త్ వార్డ్ అన్న పేటలో ఇంకో చిక్కు కూడా ఎదురైంది. అక్కడ చాలామందికి సొంత ఇళ్లు ఉండేవి. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి పిల్లలకు వచ్చిన ఇళ్లు అవి; వీలునామా గాని, పేరు మార్పిడి గాని లేకుండా అనుభవంలోనే కొనసాగుతూ వచ్చాయి. సహాయం కావాలంటే హక్కు పత్రం చూపించమన్నారు. ఉన్న ఆస్తి కాగితం మీద లేకపోతే, ప్రభుత్వం దృష్టిలో అది లేనట్టే. ప్రపంచంలో ఎక్కడ చూసినా పేదల ఆస్తిలో పెద్ద భాగం ఇలా అనుభవంలో ఉండి పత్రాల్లో లేనిదే కాబట్టి, ఇది ఒక్క పేట కథగా నాకు కనిపించదు. సంపదకు రెండు ముఖాలున్నాయి: మనిషికి ఉన్నది, మనిషి రుజువు చేయగలిగినది. విపత్తు తరువాత చెల్లుబాటయ్యేది రెండోదే.

ఇవి విడివిడి ఉదంతాలు కదా, మొత్తం మీద సంపద ఎటు కదులుతోంది అన్న ప్రశ్నకు జూనియా హోవెల్, జేమ్స్ ఇలియట్ అన్న ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు 2018లో ప్రచురించిన అధ్యయనంలో జవాబు దొరికింది. వారు అమెరికాలో 1999 నుంచి 2013 వరకు వేలాది మంది సంపద ఎలా మారిందో వెంబడించి, వారు నివసించే కౌంటీలో ప్రకృతి విపత్తుల వల్ల జరిగిన నష్టంతో దానిని పోల్చి చూశారు. వెయ్యి కోట్ల డాలర్ల స్థాయిలో నష్టం జరిగిన కౌంటీల్లో తెల్లజాతివారి సంపద సగటున లక్షా 26 వేల డాలర్లు పెరగగా, నల్లజాతివారి సంపద సగటున 27 వేల డాలర్లు తగ్గింది. ఈ వాక్యాన్ని నేను మొదటిసారి రెండు మూడు సార్లు చదువుకోవలసి వచ్చింది. విపత్తు అందరినీ నష్టపరుస్తుంది, కొందరిని కాస్త ఎక్కువగా నష్టపరుస్తుంది అనుకుంటాం. విపత్తు వచ్చిన చోట కొందరి ఆస్తి పెరుగుతుందని ఎవరూ ఊహించరు. అంతకన్నా కలవరపెట్టేది ఇంకొకటి ఉంది: అమెరికా ప్రభుత్వ విపత్తు సహాయ సంస్థ నుంచి ఎక్కువ నిధులు వచ్చిన కౌంటీల్లో, ఇతర పరిస్థితులు సమానంగా ఉన్నా, ఈ అంతరం మరింత పెరిగింది.

కారణం ఏమిటంటే, ఆ సహాయ వ్యవస్థ ప్రధానంగా పోయిన ఆస్తిని తిరిగి నిలబెట్టడానికి రూపొందింది. ఎక్కువ ఆస్తి ఉన్నవారికి పోయేదీ ఎక్కువ, తిరిగి వచ్చేదీ ఎక్కువ. తక్కువ వడ్డీ రుణం కావాలంటే మంచి పరపతి చరిత్ర ఉండాలి. కొత్త రోడ్లు, కొత్త బడులు వచ్చిన పేటలో ఇంటి విలువ పెరుగుతుంది, ఆ పెరుగుదల యజమానికి చెందుతుంది. అద్దెకు ఉండేవారికి అదే పెరుగుదల ఎక్కువ అద్దె రూపంలో ఎదురొస్తుంది. ఎవరూ దురుద్దేశంతో చేయకపోయినా, పోయిన దానికి సమానంగా ఇవ్వాలన్న సూత్రం ఉన్నవారికి ఉన్నంత, లేనివారికి లేనంత ఇస్తుంది.

నష్టాన్ని డబ్బులో కొలిచే అలవాటు కూడా ఇక్కడే ప్రశ్నకు నిలబడాలి. పెద్ద తుపాను తరువాత పత్రికల్లో వచ్చే మొత్తం నష్టం అంకె ఖరీదైన ఆస్తులున్న చోటే పెద్దదిగా కనిపిస్తుంది. 2017లో మరియా హరికేన్ చిన్న ద్వీప దేశమైన డొమినికాను తాకినప్పుడు జరిగిన నష్టం ఆ దేశపు వార్షిక స్థూల ఉత్పత్తికి రెండు రెట్లకు పైగా, అంటే 226 శాతంగా లెక్క తేలింది. డాలర్లలో చూస్తే అది పెద్ద దేశంలో ఒక మోస్తరు తుపాను నష్టంతో సమానం. కుటుంబాల మధ్య కూడా ఇదే జరుగుతుంది. 1998లో మిచ్ హరికేన్ తరువాత హోండురాస్‌లో జరిపిన పరిశోధనలు, పేద కుటుంబాలు తమ ఆస్తుల్లో పోగొట్టుకున్న వాటా సంపన్న కుటుంబాల వాటాకన్నా ఎంతో ఎక్కువని చూపాయి. ప్రపంచ బ్యాంకు 2017లో వెలువరించిన నివేదిక ఈ లోపాన్ని సరిదిద్ది, పోయిన రూపాయి ఎవరిది అన్నదాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. అలా చూసినప్పుడు ప్రకృతి విపత్తులు ఏటా సుమారు 2 కోట్ల 60 లక్షల మందిని పేదరికంలోకి నెడుతున్నాయని తేలింది. సంపన్నుడు పొదుపులోంచి తీసి ఖర్చు పెడతాడు. పేదవాడు పనిముట్టు అమ్ముతాడు, పాడి పశువును అమ్ముతాడు, పిల్లవాడిని బడి మాన్పిస్తాడు. మొదటిది నష్టం. రెండోది రాబోయే ఇరవై ఏళ్ల ఆదాయాన్నే తుంచివేయడం. కరవు సమయంలో అందరూ ఒకేసారి పశువులను అమ్మకానికి తోలుతారు కాబట్టి ధర పడిపోతుంది. వాన పడిన తరువాత అందరూ ఒకేసారి కొనజూస్తారు కాబట్టి ధర పెరుగుతుంది. లేనివారు చౌకగా అమ్మి ఖరీదుగా కొంటారు, ఉన్నవారు అటూ ఇటూ ఆగగలుగుతారు.

వేడి విషయంలో సంపద చరిత్ర నేలలోనే ఇంకిపోయి ఉంటుంది. 1930లలో అమెరికా ప్రభుత్వ గృహరుణ సంస్థ నగరాల పటాలు తయారు చేయించి, రుణాలు ఇవ్వడం ప్రమాదకరమనుకున్న పేటలకు ఎర్రరంగు వేయించింది. అవి ఎక్కువగా నల్లజాతివారూ, వలసవచ్చినవారూ ఉండే పేటలు. రుణం లేదు కాబట్టి సొంత ఇల్లు లేదు, సొంత ఇల్లు లేదు కాబట్టి పిల్లలకు ఇవ్వడానికి ఆస్తి లేదు. నగరపాలక సంస్థలు కూడా అక్కడ చెట్లు నాటలేదు, ఉద్యానవనాలు కట్టలేదు, పెద్ద రహదారులు మాత్రం ఆ పేటల మీదుగానే వేశాయి. 2020లో 108 నగరాలను పరిశీలించిన ఒక అధ్యయనంలో, వాటిలో 94 శాతం నగరాల్లో ఆ ఎర్రరంగు పేటలు ఇతర పేటలకన్నా వేడిగా ఉన్నాయని తేలింది. సగటు తేడా 2.6 డిగ్రీల సెల్సియస్, కొన్నిచోట్ల 7 డిగ్రీల దాకా ఉంది. ఎనిమిది దశాబ్దాల క్రితం నిరాకరించిన రుణం ఇవాళ థర్మామీటరు మీద చదవగలిగిన అంకెగా మిగిలింది. సంపద లేకపోవడం అనే మాటకు ఇంత స్పష్టమైన రూపం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇంతవరకు రాసినది చదివితే, సంపద ఉంటే చాలు భద్రత ఉంటుందన్న అభిప్రాయం కలగవచ్చు. అది సరైనది కాదు. 2003 వేసవిలో ఐరోపాలో వీచిన వడగాడ్పులకు సుమారు 70 వేల మంది మరణించారు, వారిలో దాదాపు 15 వేల మంది ఫ్రాన్స్‌లోనే. ప్రపంచంలోని సంపన్న దేశాల్లో అది జరిగింది. చనిపోయినవారిలో ఎక్కువమంది వృద్ధులు, వారిలోనూ ఎందరో ఒంటరిగా ఉండేవారు. 2021 జూన్ చివరిలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో వేడి వల్ల 619 మంది మరణించారు. 98 శాతం మంది ఇంటి లోపలే చనిపోయారు, సగానికి పైగా ఒంటరిగా నివసించేవారు. సంపన్న దేశంలో ఉండడం వారిని కాపాడలేదు.

షికాగో నగరంలో 1995 జులైలో వచ్చిన వడగాడ్పుల ఉదంతం ఇంకా సూక్ష్మమైనది. ఆ నెల మధ్యలో ఒక్క వారంలో మామూలుగా ఉండే మరణాలకన్నా 739 ఎక్కువగా సంభవించాయి. సామాజిక శాస్త్రవేత్త ఎరిక్ క్లైనెన్‌బర్గ్ ఆ మరణాలను పేటలవారీగా పరిశీలించినప్పుడు, నార్త్ లాన్‌డేల్, సౌత్ లాన్‌డేల్ అన్న రెండు పక్కపక్క పేటల మధ్య వింతైన తేడా కనిపించింది. రెండు చోట్లా పేదరికం ఉంది, రెండు చోట్లా ఒంటరి వృద్ధులున్నారు. మొదటి పేటలో లక్ష జనాభాకు మరణాలు సుమారు 40 ఉండగా, రెండో పేటలో సుమారు 4 మాత్రమే. మొదటి పేటలో దుకాణాలు మూతపడ్డాయి, సగం స్థలాలు పాడుబడి ఉన్నాయి, నేరాల భయంతో వృద్ధులు తలుపులు తీయలేదు. రెండో పేటలో వీధులు సందడిగా ఉన్నాయి, బయటికి వెళ్తే నీడా, చల్లటి దుకాణమూ, పలకరించే మనిషీ దొరికారు. ఒకరి ఖాతాలోనూ లేని ఈ ఆస్తి ఆ వీధిలో ఉంది. అయితే దానిని సంపదకు పూర్తిగా భిన్నమైనదిగా చూడడానికి కూడా నేను ఒప్పుకోను. మొదటి పేటలో దుకాణాలు ఎందుకు మూతపడ్డాయి అని వెనక్కి వెళ్తే, మూసేసిన కర్మాగారాలూ తరలిపోయిన పెట్టుబడులూ ఎదురొస్తాయి. ఇరుగుపొరుగు సంబంధాలు కూడా గాలిలో నిలబడవు, వాటికి ఒక వీధీ, అక్కడ నిలకడగా బతికే వీలూ కావాలి.

సంపదే చిక్కుముడిగా మారే సందర్భాలు కూడా పెరుగుతున్నాయి. మధ్యతరగతి కుటుంబపు సంపద అంతా సాధారణంగా ఒకే ఇంట్లో ఉంటుంది. ఆ ఇల్లు సముద్రం ఒడ్డునో, కార్చిచ్చులు పుట్టే అడవి అంచునో ఉంటే, బీమా సంస్థలు వెనక్కి తగ్గుతున్నకొద్దీ దాని విలువ పడిపోతుంది; బీమా దొరకని ఇంటికి బ్యాంకు రుణం ఇవ్వదు, రుణం దొరకని ఇంటిని కొనేవారుండరు. అనేక ఆస్తులున్నవారు ఒకదానిని వదులుకోగలరు. ఒక్కటే ఉన్నవారు దానితోపాటే మునగవలసి వస్తుంది. మరోవైపు, అమెరికాలోని తీర నగరం మయామీలో సముద్రమట్టానికి కాస్త ఎత్తుగా ఉన్న లిటిల్ హైతీ వంటి పేటల మీద ఇప్పుడు కొనుగోలుదారుల చూపు పడింది. ఒకప్పుడు సముద్రతీరం ఖరీదై, అందులో చోటు లేక వలసవచ్చినవారు స్థిరపడిన ఎత్తు నేల అది. సంపన్నులకు నేడు ఆ ఎత్తు కావలసి వస్తోంది, అద్దెలు పెరుగుతున్నాయి. పరిశోధకుడు జెస్సీ కీనన్, ఆయన సహచరులు 2018లో మయామీ ఇళ్ల ధరలను పరిశీలించి, ఎత్తును బట్టి ధరలు పెరుగుతున్న ధోరణిని నమోదు చేశారు. భద్రమైన నేల ఏదో తెలిసేకొద్దీ అది పేదల చేతినుంచి జారిపోతుందన్నమాట.

ఇక ఒకే ఇంట్లో కూడా సంపద అందరిదీ కాదు. ఇల్లూ, పొలమూ, ఖాతా ఎవరి పేరున ఉన్నాయో వారికే పరిహారం చేరుతుంది, తరలి వెళ్లాలా వద్దా అన్న నిర్ణయమూ వారిదే అవుతుంది. 1991లో బంగ్లాదేశ్ తుపానులో మరణించినవారిలో పురుషులకన్నా స్త్రీలు చాలా ఎక్కువ. ఇంటిని, పిల్లలను, సామానును విడిచి ఒంటరిగా కదిలే స్వేచ్ఛ లేకపోవడం దానికి ఒక ముఖ్య కారణంగా పరిశోధకులు చెబుతారు. కుటుంబాన్ని ఒకే మొత్తంగా లెక్కించే గణాంకంలో ఇది కనబడదు.

దేశాల మధ్య కథ కూడా ఇలాగే సాగుతుంది. నోవా డిఫెన్‌బా, మార్షల్ బర్క్ అన్న పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, భూమి వేడెక్కకపోయి ఉంటే అత్యంత సంపన్న దేశాలకూ అత్యంత పేద దేశాలకూ మధ్య ఉండదగిన ఆర్థిక అంతరంకన్నా, 1961 నుంచి 2010 నాటికి అది సుమారు 25 శాతం ఎక్కువైంది. 2022లో పాకిస్తాన్ వరదలు 3 కోట్ల 30 లక్షల మందిని బాధించాయి, 1,700 మందికి పైగా మరణించారు. ప్రపంచ ఉద్గారాల్లో ఆ దేశం వాటా ఒక శాతం లోపే. అదే ఏడాది ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సులో, వాతావరణ విపత్తుల వల్ల పేద దేశాలకు జరిగే నష్టాలకు సహాయం అందించే నిధి ఏర్పాటుకు దేశాలు అంగీకరించాయి, మరుసటి ఏడాది దుబాయ్‌లో దానికి తొలి నిధుల హామీలు వచ్చాయి. హామీలకూ అవసరానికీ మధ్య దూరం ఎంతో ఉంది. ఆ దూరం అలాగే ఉన్నన్నాళ్లూ పేద దేశాలు వరద తరువాత అప్పు చేసి, ఆ అప్పుకు వడ్డీ కడుతూ, తరువాతి వరద నాటికి మరింత బలహీనపడుతూనే ఉంటాయి.

వ్యక్తిగత సంపద లేనిచోట ఉమ్మడి ఏర్పాటు దాని పనిని కొంతవరకైనా చేయగలదనడానికి బంగ్లాదేశ్‌కన్నా మంచి సాక్ష్యం నాకు తెలియదు. 1970లో భోలా తుపానుకు అక్కడ కనీసం 3 లక్షల మంది మరణించారు. 1972లో తుపాను సన్నద్ధత కార్యక్రమం మొదలైంది. 1991 తుపానులోనూ దాదాపు లక్షా 40 వేల ప్రాణాలు పోయాయి. తరువాత ఆశ్రయ భవనాలు పెరిగాయి, వేలాది స్వచ్ఛంద కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి హెచ్చరించే పద్ధతి బలపడింది. 2007లో వచ్చిన సిద్ర్ తీవ్రమైన తుపాను అయినా మరణాలు సుమారు 3,400 దగ్గర ఆగాయి. మరుసటి ఏడాదే, అలాంటి ఏర్పాట్లు లేని పొరుగు దేశం మయన్మార్‌లో నర్గీస్ తుపాను లక్షా 30 వేల మందికి పైగా బలి తీసుకుంది. ఈ దశాబ్దాల్లో బంగ్లాదేశ్ తీరగ్రామాల్లోని కుటుంబాలు సంపన్నులైపోలేదు. వారికి కాంక్రీటు భవనమూ, నమ్మదగిన హెచ్చరికా, తలుపు తట్టే మనిషీ దొరికారు.

అయితే ప్రాణం దక్కించుకోవడం వేరు, బతుకు దక్కించుకోవడం వేరు. ఆశ్రయ భవనం ప్రాణాన్ని కాపాడుతుంది గాని పశువును, పనిముట్టును, అప్పును ఏమీ చేయలేదు. అందుకే 2020 జులైలో అదే దేశంలో జమునా నది ఒడ్డున జరిగిన ఒక ప్రయత్నం నాకు పదే పదే గుర్తుకు వస్తుంది. వరద అంచనాలు ఒక హద్దు దాటగానే, నీరు గరిష్ఠ స్థాయికి చేరకముందే, ఐక్యరాజ్యసమితికి చెందిన ప్రపంచ ఆహార కార్యక్రమం 23 వేలకు పైగా కుటుంబాలకు మొబైల్ ఫోను ద్వారా తలా 4,500 టాకాలు (టాకా బంగ్లాదేశ్ కరెన్సీ) పంపింది. దేనికి ఖర్చు పెట్టాలన్న షరతు పెట్టలేదు, నష్టానికి రుజువు అడగలేదు, ఇంటి హక్కు పత్రమూ అడగలేదు. ముందుగా ఎంపికైనా ఫోను ఖాతా వివరాలు సమయానికి సరిపోలక డబ్బు అందని కుటుంబాలతో పరిశోధకులు తరువాత వారిని పోల్చి చూశారు. డబ్బు అందిన కుటుంబాలు వరద రోజుల్లో పూర్తిగా పస్తు ఉండే అవకాశం 36 శాతం తగ్గింది. అధిక వడ్డీకి అప్పు తేవలసిన అవసరమూ తగ్గింది, మూడు నెలల తరువాత కూడా వారి తిండి, స్థితి మెరుగ్గానే ఉన్నాయి. అదే వరద, అదే ఒడ్డు, అదే పేదరికం. నీరు వచ్చేనాటికి కొందరి చేతిలో 4,500 టాకాలు ఉన్నాయి, కొందరి చేతిలో లేవు.